గేటు దగ్గరి గిన్నె

మేడ మీది గది, గేటు కనిపించే కిటికీ పక్క
నవంబరు 3

డాక్టరమ్మకి,

నీ ఉత్తరంలో ఒక తప్పు ఉంది. మన వీధిలో కుక్కలు నాలుగు కాదు, ఏడు. నువ్వు చిన్నప్పుడు లెక్కపెట్టిన నాలుగూ ఎప్పుడో పోయాయి. ఇప్పుడున్నవి, నా గుమాస్తాని వదిలేస్తే, వేరే ఏడు. రోజూ పొద్దున్నే నా గేటు దగ్గర గిన్నెలో నీళ్ళు తాగి, హాజరు వేయించుకుని పోతాయి కనక ఈ లెక్కలో నన్ను ఎవరూ దిద్దలేరు.

ఫోన్ చెయ్యమని మీ అమ్మ పోరు. నా చెవి మిషను దగ్గర ఫోన్ పెడితే ఆ రెండూ కీచుకీచుమని మాట్లాడుకుంటాయి, మధ్యలో నేనెందుకు? ఉత్తరమే నయం. మాటకి మాట అడ్డం రాదు.

కుక్కల దగ్గు జబ్బు గురించి నువ్వు పంపిన జాగ్రత్తల కాగితం అలమారా తలుపుకి లోపలివైపు అంటించాను. గుమాస్తాని బయటికి తీసుకెళ్ళొద్దన్నావు, తీసుకెళ్ళడం లేదు. కొత్తవాళ్ళని ముట్టుకోనివ్వొద్దన్నావు. వాడు గుమ్మంలో కూచుని వచ్చినవాడి చెప్పుల దగ్గర్నుంచి తనిఖీ చేస్తాడు, పాతవాళ్ళకే ముట్టుకునే ధైర్యం లేదు. చేతులు సబ్బుతో కడుక్కోమన్నావు. ముప్ఫయి నాలుగేళ్ళు పిల్లలకి ఆ మాట చెప్పి జీతం తీసుకున్నదాన్ని. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. వాడికి ఆగస్టులోనే రెండు సూదులూ వేయించాను, ఆ చీటీ నీకు పంపాను కూడా.

అయినా నిన్న సాయంత్రం నుంచి దగ్గుతున్నాడు. పొడి దగ్గు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మెడ చాచి దగ్గి, చివర ఓకరిస్తాడు, ఏమీ రాదు. అంతకు రెండు రోజుల ముందు నుంచీ బేకరీవాళ్ళ కుక్క ఇలాగే దగ్గుతోంది. ఇంట్లోంచి కదలని నా కుక్కకి అదెలా అంటుకుందో నాకు అంతుపట్టలేదు. గాలికి వచ్చి ఉంటుందని కిటికీలు మూశాను.

ఒక్క గడియారాలాయన కుక్కకే ఏ భయమూ లేదు. లోలకం నీకు గుర్తున్నాడా? తోక అటూ ఇటూ ఒకే లెక్కన ఊపుతాడని ఆయన పెట్టిన పేరు. ఇప్పుడు పదమూడేళ్ళవాడు. దుకాణంలో బల్ల కింద నుంచి నా గేటు దాకా, గేటు నుంచి మళ్ళీ బల్ల కిందికి. అంతే వాడి దేశం. ఎక్కడికీ వెళ్ళనివాడికి సూది దేనికని ఆయన వేయించలేదు.

గుమాస్తాకి మందేమివ్వాలో రాయి. తక్కినవాటికి నేనేం లోటు చెయ్యడం లేదు. నా కుక్కకి జబ్బు చేసిందని వాటికి దాహం వెయ్యదా, గిన్నె రోజూ నింపుతున్నాను.

అమ్మమ్మ


పశువుల ఆసుపత్రి, వెనక గది
నవంబరు 7

అమ్మమ్మా,

ఏడు. దిద్దుకున్నాను.

గుమాస్తాకి నీ దగ్గు మందు పొయ్యకు. మనుషుల మందు ఏదీ ఇవ్వకు. మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే పట్టీ వాడు, గొంతు మీద ఒత్తిడి పడకూడదు. స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి, ఆవిరి నిండాక పది నిమిషాలు వాణ్ణి పక్కన కూచోబెట్టు. నాలుగు వారాలు ఇంకో కుక్క మొహం చూడకూడదు. దగ్గు తగ్గినా సరే. తగ్గాక కూడా కొన్నాళ్ళు వాడి నుంచి అంటుతుంది. సూది వేశాం కాబట్టి ప్రాణం మీదికి రాదు. జబ్బు రాకుండా ఆపలేదు, ముదరకుండా ఆపుతుంది.

ఇక్కడ దగ్గు కుక్కలకి వేరే గది పెట్టాం. పంతొమ్మిది ఉన్నాయి. ఒక గూటి నుంచి ఇంకో గూటికి వెళ్ళేముందు కోటు మార్చాలి, చేతి తొడుగులు మార్చాలి, బూట్లు మందు నీళ్ళలో ముంచాలి. నిన్న ఎన్నిసార్లు మార్చానో తెలీదు. కుక్కల పేర్లు గుర్తుండడం లేదు, గూళ్ళ నంబర్లు గుర్తుంటున్నాయి. పొద్దున ఆరో నంబరు ఆవిడ వచ్చి తన కుక్కని పేరు పెట్టి పిలుస్తుంటే, ఇక్కడ ఆ పేరుగల కుక్క లేదని చెప్పాను. ఉంది. నాకేం అనిపించలేదు, అది రాద్దామని కూచున్నాను.

గుమాస్తా సంగతి ఇవి రాయి: తింటున్నాడా? ముక్కు నుంచి కారేది నీళ్ళలా ఉందా, పచ్చగా ఉందా? పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు? నిద్ర పడుతోందా? ఛాతీ పట్టీ దొరికిందా?

చివరిది. గేటు దగ్గర గిన్నె ఇంకా పెడుతున్నావా? తీరికున్నప్పుడు రాయి.

నీ మనవరాలు


మేడ మీది గది
నవంబరు 14

డాక్టరమ్మకి,

తింటున్నాడు. నాకు పెట్టకుండా తింటున్నాడు. ముక్కు నీళ్ళే, పచ్చన లేదు. పడుకున్నప్పుడు నిమిషానికి ఇరవై రెండు, మూడుసార్లు లెక్కపెట్టాను. నిద్రకేం, గుమాస్తాలకి నిద్ర కరువా. ఛాతీ పట్టీ దొరక్క మీ తాతయ్య పాత ప్యాంటు పట్టీలతో కుట్టాను. వేసుకున్నాక వాడికి ఉద్యోగంలో పైమెట్టు ఎక్కినంత గర్వం వచ్చింది.

ఆవిరి పడుతున్నాం. నేనూ వాడూ ఎదురెదురుగా కూచుంటాం. నాకూ గొంతు తేలిగ్గా ఉంది, దాని ఫీజు నీకు రాదు.

ఆ ఆరో నంబరావిడకి ఈసారైనా పేరు పెట్టి చెప్పు. రోజుకి ఒక్క పేరు జ్ఞాపకం పెట్టుకో, పంతొమ్మిదీ అక్కర్లేదు. ఏమీ అనిపించకపోవడం గురించి నేనేం పాఠం చెప్పను. చేతుల మీద చర్మం పగిలితే కొబ్బరినూనె రాసుకో.

లోలకం మొన్నటి నుంచి దగ్గుతున్నాడు.

నేనే వెళ్ళి చూశాను. ముందు చీర మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కుని వెళ్ళాను. గడియారాలాయన కంటికి భూతద్దం పెట్టుకుని బల్ల కిందికి వంగి కుక్క నోట్లోకి చూస్తున్నాడు.

"స్ప్రింగేమైనా జారిందా?" అన్నాను.

"జారితే బాగుండేది పంతులమ్మగారూ, పట్టకారుతో తీసేవాణ్ణి," అన్నాడు.

ఆవిరి, గోరువెచ్చటి మెత్తటి తిండి, నాలుగు వారాలు గడప దాటని శిక్ష, అన్నీ చెప్పాను. ఇక్కడి పశువుల డాక్టరు వచ్చి మందు రాశాడు. "ఎక్కడికీ వెళ్ళనివాడికి ఎలా వచ్చిందండీ?" అని ఆయన డాక్టర్ని అడిగాడు. "ఎక్కడో ఒకచోట కలిసి ఉంటాడు," అన్నాడు డాక్టరు. నేను ఆ గోడ మీది గడియారాలు చూస్తూ నిలబడ్డాను. ఇరవై పైన ఉన్నాయి, ఏ రెంటికీ పొత్తు లేదు.

బేకరీ కుక్క తేరుకుంది. ఇంకో రెండు దగ్గుతున్నాయి.

అమ్మమ్మ


ఆసుపత్రి
నవంబరు 18

అమ్మమ్మా,

ఆరు అడిగాను. అయిదింటికి జవాబిచ్చావు. నేను నీ క్లాసులో ఒకటి వదిలేస్తే, వదిలేసిన దానిలోనే నీకు తెలియనిది ఉందని అనేదానివి.

పెద్ద కుక్కలకి ఇది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. లోలకం పడుకున్నప్పుడు నిమిషానికి నలభై దాటినా, తిండి మానేసినా, నాలుక నీలంగా ఉన్నా ఒక్క గంట ఆగొద్దని గడియారాల తాతగారికి చెప్పు.

నిన్న కోటు మారుస్తుంటే నీ ఎర్ర సుద్ద పాఠం గుర్తొచ్చింది. నాకు పదేళ్ళు. నా అరచేతికే ఎర్ర సుద్దపొడి రాశావు, మనవరాలినని ముద్దు చేస్తున్నావనుకున్నాను. నన్ను ఇద్దరితో చేతులు కలపమన్నావు, వాళ్ళని ఇంకో ఇద్దరితో. గంట కొట్టేసరికి క్లాసంతా ఎరుపే. తలుపు గడియ ఎరుపు, కుండ దగ్గరి గ్లాసు ఎరుపు. ఆ గ్లాసు పైకెత్తి చూపించి, "చేతులు కలపనివాళ్ళకి కూడా ఇక్కడ దొరుకుతుంది," అన్నావు. అంతే అన్నావు, పాఠం అయిపోయింది.

ఇక్కడ కొత్తగా చేరినవాళ్ళకి నేను అదే చేసి చూపిస్తాను.

ఏడో నంబరు ఇంటికి వెళ్ళింది. దాని పేరు బొంత. ఈ రోజుకి ఒకటి.

నీ మనవరాలు


మేడ మీది గది
నవంబరు 30

డాక్టరమ్మకి,

లోలకం ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నం పోయాడు. నలభై దాటడం నేనే లెక్కపెట్టాను. డాక్టరు వచ్చాడు, సూదులు ఇచ్చాడు. ఆక్సిజను పట్టే ఏర్పాటు ఈ ఊళ్ళో మనుషులకే అంతంత మాత్రం. బల్ల కిందే పోయాడు. తోక ఒకటి రెండుసార్లు కదిలింది, తర్వాత లేదు. గడియారాలాయన ఏడవలేదు. ఎవరిదో చేతి గడియారం విప్పి ఉంటే, మరలన్నీ ఒక్కొక్కటీ మళ్ళీ లోపల పెట్టి, మూత బిగించి, అప్పుడు లేచాడు. నేను తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. అన్నం తిన్నాను. రుచి తెలియలేదు, తెలియలేదని కూడా మర్నాడు గాని గమనించలేదు.

నీ ఆరో ప్రశ్నకి జవాబు: పెట్టాను. నీ ఉత్తరం అందిన పదో తారీఖు పొద్దున దాకా పెట్టాను. చదవగానే కిందికి దిగి తీసేశాను, కాచిన నీళ్ళు పోసి తోమి వంటింట్లో బోర్లించాను. నీకు రాయలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అందరికీ తెలిసిందే. నేను భుజాలు తడుముకోకుండా కూచున్నాను, అంతే తేడా.

గుమాస్తాని లోపల పెట్టి, కిటికీలు మూసి, నీ కాగితం అలమారాకి అంటించి, రోజూ కిందికి దిగి ఏడింటికీ ఒకే గిన్నెలో నీళ్ళు పోశాను. బేకరీది మూతి ముంచి దగ్గేది, దాని వెనకాల లోలకం వచ్చేవాడు. కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. కంచే చేను మేసిందని ఇతరుల గురించి ఎన్నిసార్లు అన్నానో.

ఆ గిన్నె ఏదో నీకు తెలుసు. పదవీ విరమణ నాడు స్కూలువాళ్ళు ఇచ్చిన వెడల్పాటి స్టీలు గిన్నె. దాని అంచు మీద 'అందరికీ' అని చెక్కింది గడియారాలాయనే. పదకొండేళ్ళయింది. నా దగ్గరేం తీసుకోకుండా చెక్కిపెట్టాడు, తన కుక్కే మొదట తాగుతుందని పందెం కాసి.

నిన్న ఆయన గేటు దగ్గరికి వచ్చాడు. కిందికి దిగాను.

"గిన్నె కనిపించడం లేదు," అన్నాడు.

"తోమాను," అన్నాను.

"ఒకసారి ఇవ్వండి. వాడి పేరు కూడా చెక్కుతాను. వాడు బయటి లోకమంటూ చూసింది మీ గిన్నె దాకానే. మీ దయ."

తర్వాత ఇస్తానన్నాను. ఆయన సరేనని వెళ్ళిపోయాడు. నాకు ఎదురుగా నిలబడి నా దయ అన్నాడు, నేను సరిచెయ్యలేదు. ముప్ఫయి నాలుగేళ్ళలో ఒక్క తప్పు వదిలినదాన్ని కాను.

గుమాస్తా దగ్గు తగ్గింది. వాడికి నాలుగు వారాలూ నేటితో పూర్తి. అయినా గడప దాటించలేదు.

ఆయనకి చెప్పాలా, వద్దా? డాక్టరుగా చెప్పు, మనవరాలిగా అక్కర్లేదు.

అమ్మమ్మ


ఆసుపత్రి
డిసెంబరు 5

అమ్మమ్మా,

డాక్టరుగా: రుజువు లేదు. దగ్గు తుంపర గాలిలో వస్తుంది, బట్టల మీద వస్తుంది, ఆయన దుకాణానికి వచ్చిన ఎవరి చేతి మీదైనా వచ్చి ఉండొచ్చు. బేకరీ ఆవిడ గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిందేమో నీకు తెలీదు. ఏ పరీక్షా ఆ గిన్నె వల్లే అని చెప్పలేదు. పెద్దాయన, ఒంటరివాడు. ఆ గిన్నె ఒక్కటే ఆయనకి మిగిలిన మంచి మాట. చెప్పకు.

మనవరాలిగా అక్కర్లేదన్నావు కాబట్టి ఇది ఎవరిగా రాస్తున్నానో నాకు తెలీదు.

నీ మూడో తారీఖు ఉత్తరం నాకు అయిదున అందింది. 'గిన్నె రోజూ నింపుతున్నాను' అన్న చోట ఆగాను. అప్పుడే తెలిసింది. గడియారాల తాతగారి దుకాణంలో ఫోనుంది. ఆ నంబరు నా దగ్గర ఉంది, నీకు ఒంట్లో బాగాలేనప్పుడు ఆయనే నాకు ఇచ్చాడు. ఒక్క నిమిషం. "తాతగారూ, లోలకాన్ని గేటు దగ్గరికి పంపొద్దు, అమ్మమ్మని గిన్నె తియ్యమనండి." నంబరు చూశాను. ఆయన చేత నీకు చెప్పించడమంటే వీధిలో నిన్ను దిద్దినట్టవుతుందనుకున్నాను. మన ఇంట్లో నిన్నెవరు దిద్దారు? అమ్మ దిద్దలేదు, తాతయ్య దిద్దలేదు. అందుకని రెండు రోజులు ఆలోచించి, దాన్ని ప్రశ్నగా మార్చి, ఆరోదిగా చివర పెట్టి, తీరికున్నప్పుడు రాయమని పోస్టులో వేశాను. అది మూడు రోజులు ప్రయాణం చేసింది.

పన్నెండున దగ్గు మొదలైందంటే, వాడికి అంటింది ఏడుకీ పదికీ మధ్య. వేళ్ళ మీద లెక్క వేశాను. మళ్ళీ మళ్ళీ వేస్తున్నాను, అదే వస్తోంది.

దగ్గు గదిలో ఇప్పుడు నాలుగే ఉన్నాయి. పేర్లన్నీ తెలుసు. అయినా ఏమీ అనిపించడం లేదు.

నీ మనవరాలు


మేడ మీది గది
జనవరి 9

డాక్టరమ్మకి,

ఇన్నాళ్ళు రాయకపోతే కోపమనుకుని ఉంటావు. కోపం కాదు. కలం పట్టుకునేదాన్ని, పెట్టేసేదాన్ని.

ముందు నీ సంగతి. నీది అయిదు రోజుల తప్పు. నాది అంతకంటే పెద్దది, పదకొండేళ్ళుగా పొద్దున్నే చేసినది. నీ తప్పు నువ్వు ఉంచుకో, అది నీదే, నేను తుడిచిపెట్టను. కానీ దాన్ని తెచ్చి నా తప్పు మీద వేసి నాది చిన్నది చెయ్యకు. నన్ను దిద్దడానికి జంకే పిల్లని తయారుచేసింది కూడా నేనే, అదీ నా ఖాతాలోకే వస్తుంది. ఇక మీదట నేను తప్పు చేస్తే ఆ దుకాణం ఫోనుకే చెయ్యి. వీధంతా వింటే విననీ.

డాక్టరుగా నువ్వు ఇచ్చిన సలహా పాటించలేదు. రుజువు లేదన్నావు. గ్లాసు మీది ఎర్ర సుద్దకి నేను రుజువు అడిగానా?

సోమవారం గిన్నె పట్టుకుని వెళ్ళాను. పొద్దున పది. ఆయన ఒక్కడే ఉన్నాడు. బల్ల కింద లోలకం గుడ్డ ఇంకా తియ్యలేదు. గిన్నె బల్ల మీద పెట్టాను. అంచు మీద పేరు ఎక్కడ చెక్కాలా అని తిప్పి చూస్తున్నాడు.

"చెక్కకముందు ఒక మాట వినండి," అన్నాను. "వాడికి జబ్బు దీంట్లోంచి వచ్చింది. బేకరీవాళ్ళ కుక్క దగ్గుతోందని నాకు ముందే తెలుసు. నా కుక్కని లోపల కట్టేశాను. గిన్నె మాత్రం తియ్యలేదు."

ఆయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. బల్ల మీద విప్పిన గడియారమేదీ లేదు. ఖాళీ బల్లనే చూస్తూ కూచున్నాడు. నేను నిలబడ్డాను, ఆయన కూచోమనలేదు.

"నేనే పంపేవాణ్ణి," అన్నాడు. "ముసలితనంతో వాడు కదలనని కూచుంటే, నడువురా, పంతులమ్మగారు పోసి ఉంటారని తోశాను."

"తెలుసు. కిటికీలోంచి చూశాను."

ఒకావిడ వచ్చి అలారం గడియారం ఇచ్చి వెళ్ళింది, దానికి చీటీ కట్టి పక్కన పెట్టాడు. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆయన మర్యాదకైనా క్షమించాననాల్సి వచ్చేది, అది దొంగతనం.

నేను గడప దాటబోతుంటే, "ఒక్కోదానికి ఒక్కోటి ఉండాల్సింది," అన్నాడు, నాతో కాదు, గిన్నెతో. తర్వాత నాతో, "తెప్పించండి. పేర్లు నేను చెక్కుతాను. ఎవరి గిన్నె వాళ్ళ గుమ్మంలోనే ఉండాలి."

పెద్ద గిన్నె ఆయన దగ్గరే ఉంది. దాంట్లో ఇప్పుడు స్క్రూలు వేసుకుంటున్నాడట. దారిలో కనిపిస్తే తల ఊపుతున్నాడు, పంతులమ్మగారూ అనడం లేదు.

గుమాస్తాని నిన్న మొదటిసారి వీధిలోకి తీసుకెళ్ళాను. గిన్నె ఉండే చోట వాసన చూసి, నావైపు చూసి, నడిచాడు. బేకరీ ఆవిడకీ తక్కినవాళ్ళకీ సూదుల సంగతి ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. ఎందుకని అడిగినవాళ్ళకి ఎందుకో కూడా చెప్పాను. ఇద్దరు తలుపు వేసుకున్నారు, అది వాళ్ళ ఇష్టం.

శనివారం వస్తున్నావు కదా. బస్సు దిగినచోట, మెట్లు దిగగానే పాత్రల దుకాణం ఉంది. స్టీలు గిన్నెలు కావాలి. లోతు తక్కువవి, అడుగు వెడల్పున్నవి, తట్టుకుంటే ఒలకకూడదు. అంచు బొటనవేలంత వెడల్పు ఉండాలి, లేకపోతే పేరు పట్టదు. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునేవి తేకు, విడదీయడం నా వల్ల కాదు. ఇంటికి రాకముందే ఆయన దుకాణంలో ఇచ్చి రా, పేర్ల కాగితం దీంతో పెడుతున్నాను. లోపలికి వెళ్ళేముందు కోటు మార్చుకో. నువ్వు చెప్పాలనుకున్నది అక్కడ నువ్వే చెప్పు, నన్ను తోడు రమ్మనకు.

పాత్రల దుకాణంవాడు ఏడు కొంటే తగ్గిస్తానంటాడు. వద్దను. ఆరు.

అమ్మమ్మ